వడ్రంగి పనికి కంప్యూటర్ నమూనా

ప్రశ్న: మాది వడ్రంగి పని. బీరువాలు, వంటింటి అరలు చేసే ముందు వాటిని కంప్యూటర్‌లో గీసి చూసుకోవాలని ఉంది. దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ అవసరానికి స్కెచప్ సరిపోతుంది. 2000లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ కొంతకాలం గూగుల్ చేతిలో ఉండి, 2012 నుంచి ట్రింబుల్ సంస్థ ఆధీనంలో నడుస్తోంది. బ్రౌజర్‌లోనే పనిచేసే ఉచిత రూపం అభ్యాసానికి చాలు గాని, వ్యాపారానికి వాడాలంటే చందా కట్టవలసి ఉంటుంది. ఫ్రీక్యాడ్ అనే ఇలాంటి మరో సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితమే అయినా, మొదటిసారి నేర్చుకునేవారికి అది కాస్త కష్టమని నా అభిప్రాయం.

స్కెచప్‌లో ముందుగా కొలతలను మిల్లీమీటర్లకు మార్చుకోండి. ఒక చెక్కను గీయగానే దానిని కాంపోనెంట్‌గా, అంటే మిగతా వాటికి అతుక్కోని విడి భాగంగా మార్చాలి. లేకపోతే పక్కన గీసిన చెక్క దీనికి అతుక్కుపోయి, ఒకదానిని జరిపితే రెండవదీ సాగిపోతుంది. కొత్తవారు విసిగి వదిలేసేది సాధారణంగా ఇక్కడే. పైగా నాలుగు సొరుగులూ ఒకే కాంపోనెంట్ నకళ్లయితే, ఒకదానిలో కొలత సవరించగానే మిగిలినవీ మారతాయి.

ప్లైవుడ్‌పై 18 మి.మీ. అని ఉన్నా, అసలు మందాన్ని కొలిచి ఆ అంకెనే వాడండి. షీటు కోత లెక్కలో రంపపు బ్లేడు తినేసే సుమారు 3 మి.మీ. కూడా కలుపుకోవాలి, నమూనాలో అది దానంతట అది కనిపించదు.