ఐదో నెల, చిగుళ్ల నుంచి రక్తం.. కాల్షియం తగ్గిందా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, ఐదో నెల నడుస్తోంది. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, పై పళ్ల మధ్య ఎర్రగా బుడిపె లేచింది. కాన్పుకో పన్ను పోతుందని అత్తయ్య అంటున్నారు. మావారు మెడికల్ షాపులో చెప్పి నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్ తెచ్చారు, నాలుగు రోజులుగా వేసుకుంటున్నా. కాల్షియం డోసు పెంచాలా?
- ఓ పాఠకురాలు

జవాబు: కాల్షియం సంగతి తర్వాత అమ్మా, ముందు ఆ మాత్రలేంటి? పేర్లు రాయలేదు మీరు. స్ట్రిప్ వెనక డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అని ఉంటే ఆపేసి ఇవాళే మీ గైనకాలజిస్ట్‌కి చూపించండి, 20 వారాలు దాటాక ఇవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించొచ్చు. యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ అయితే పుట్టబోయే బిడ్డ పళ్లకే మరకలు పడొచ్చు. నాలుగు రోజులకే ఏదో అయిపోయిందని భయపడకండి, కానీ షాపులో కుర్రాడికి మీకు ఐదో నెలని తెలుసా, మీవారు చెప్పారా?

ఇక చిగుళ్లు. గర్భంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ బాగా పెరిగి చిగుళ్లలో రక్తనాళాలు ఉబ్బుతాయి, అందుకే కొంచెం పాచి ఉన్నా వాచి రక్తం కారుతుంది. కొందరికి పీరియడ్స్ ముందు చిగుళ్లు సలిపేదీ ఈ హార్మోన్ల వల్లే. రక్తం వస్తోందని బ్రష్ మానేసి వేలితో రుద్దుకుంటారు చాలామంది, పాచి ఇంకా పేరుకుంటుంది, మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోమాల్సిందే. వాంతి అయిన వెంటనే మాత్రం తోమకండి, చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లు పుక్కిలించి ఓ గంట ఆగండి.

ఆ బుడిపె, చూడకుండా కచ్చితంగా చెప్పలేను గానీ, గర్భిణుల్లో వచ్చే ఈ రకం గడ్డ సాధారణంగా క్యాన్సర్ కాదు, కాన్పయ్యాక చాలావరకు అదే తగ్గుతుంది. పిన్నీసుతో గిల్లొద్దు. బిడ్డకి కాల్షియం చాలకపోతే మీ ఎముకల్లోంచి పోతుంది, పళ్లలోంచి కాదు, అత్తయ్యగారికి చెప్పండి. డోసు మీ గైనకాలజిస్టే చూస్తారు.

డెలివరీ అయ్యాక చూద్దాంలే అనుకోకండి, నాలుగు నుంచి ఆరు నెలల మధ్యే పంటి క్లీనింగ్‌కి అనువైన టైమ్, అవసరమైతే మత్తు ఇంజెక్షన్ కూడా మామూలుగా ఇస్తాం. ఈ వారంలోనే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లండి, ఎన్నో నెలో చెప్పండి, షుగర్ టెస్ట్ రిపోర్ట్ ఉంటే పట్టుకెళ్లండి. ఆ మాత్రల స్ట్రిప్పులు కూడా, ఖాళీవైనా సరే.