యూదు మతంలో చేరాలనుకునేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

యూదు మతం గురించి, అందులో చేరే పద్ధతి గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది క్రైస్తవ కుటుంబం. పాత నిబంధన చదివే కొద్దీ యూదు మతం మీద మనసు లగ్నమైంది. యేసు మీద విశ్వాసం అలాగే ఉంచుకుని యూదుణ్ణి కావచ్చా? ముందు ఎవర్ని కలవాలి? (గుంటూరు జిల్లా పాఠకుడు)

విశ్వాసం సంగతి ముందు తేల్చుకుందాం. కుదరదు. యేసును మెస్సీయగానో దేవుడిగానో నమ్ముతూ చేరతానంటే యూదు మతంలోని ఏ ప్రధాన శాఖా ఒప్పుకోదు. షోఫార్ (పొట్టేలు కొమ్ము బాకా) ఊదుతూ, ప్రార్థన శాలువా కప్పుకుని, హీబ్రూ పాటలు పాడే ‘మెస్సియానిక్’ సంఘాలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. యూదుల దృష్టిలో అవి క్రైస్తవ సంఘాలే. అక్కడ తీసుకున్న బాప్తిస్మం గానీ, ఇచ్చిన సర్టిఫికెట్ గానీ రబ్బీల (యూదు మతగురువుల) దగ్గర చెల్లదు. ఈ విషయంలో మనసు తేలకపోతే తొందరపడకండి, చదువుతూ ఉండండి.

ఇంకో సంగతీ ఉంది. రక్షణ కోసం యూదుడు కావాలని ఆ మతం ఎవరికీ చెప్పదు. విగ్రహారాధన, దైవదూషణ, హత్య, వ్యభిచారం, దొంగతనం మానడం, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినకపోవడం, న్యాయస్థానాలు నెలకొల్పడం అనే ఏడు నోవహు నియమాలు పాటించిన అన్యుడికీ పరలోకంలో వాటా ఉంటుందని వారి బోధ. అందుకే రబ్బీ దగ్గరికి వెళ్తే మొదట ‘మీకెందుకీ బరువు?’ అని అడిగి వెనక్కి పంపుతారు. దాన్ని అవమానంగా తీసుకోకండి. ‘ఇశ్రాయేలు (యూదు జనం) ఈ రోజుల్లో బాధల్లో ఉందని తెలియదా’ అని చేరవచ్చిన వాడిని అడగాలని రబ్బీల ధర్మగ్రంథం తాల్ముద్‌లోనే ఉంది. తెలుసు, అయినా వస్తాను అన్నవాడికి కొన్ని తేలిక ఆజ్ఞలు, కొన్ని బరువైనవి చెప్పాలట. పొలంలో పరిగె పేదలకు వదలడం లాంటివి వాటిలో ఉన్నాయి. యూదుల్లో చేరిన అన్య స్త్రీ రూతు కథను షావూత్ పండుగనాడు చదవడం వెనకా ఈ భావమే ఉంది. ‘నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు’ అన్న రూతు మాటలో జనం ముందు, దేవుడు తర్వాత. మీరు చేరబోయేది ఒక జనంలో. ఇంట్లో కూర్చుని పుస్తకాలతో ముగించే పని కాదిది.

కాబట్టి మొదట వెతకాల్సింది రబ్బీ, సమాజం ఉన్న చోటు. మన దేశంలో ముంబయిలో బెనే ఇజ్రాయెల్ అనే యూదు సమాజం సినగాగ్‌లు (ప్రార్థనా మందిరాలు) ఉన్నాయి, ఢిల్లీలో జుడా హయామ్ హాల్ ఉంది. కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగ్ ఉన్నా, అక్కడ మిగిలిన యూదులు బహు కొద్దిమంది. మీకు దగ్గరలోనే, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, 1990ల తొలినాళ్ల నుంచి బెనే ఎఫ్రాయిము అనే తెలుగు సమాజం సినగాగ్ నడుపుతోంది. తాము ప్రాచీన ఇశ్రాయేలులోని ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని వారి విశ్వాసం. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ కార్యాలయం దాన్ని గుర్తించలేదు. అక్కడ ప్రార్థన, పండుగలు చూసి నేర్చుకోవడం మంచిదే. చేరిక పత్రం మాత్రం వేరే చోట వెతుక్కోవాలి. దేశంలో ఆ పని జరగడం చాలా అరుదు. 2005లో ఈశాన్య రాష్ట్రాల బ్నెయ్ మెనాషే వాళ్లను చేర్చుకోవడానికి ఇజ్రాయెల్ నుంచి రబ్బీలు వస్తే మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, ఆ కార్యక్రమం ఆగిపోయింది. నిజంగా చేరదలిస్తే చదువుకో, ఉద్యోగానికో యూదులున్న ఊళ్లో కొన్నేళ్లు ఉండక తప్పదు.

రబ్బీకి రాసే మొదటి ఉత్తరం ఒక్క పేజీ చాలు. మీరెవరు, ఇప్పటి మతం ఏది, పెళ్లయిందా, ఏం చదివారు, వారానికి ఎన్ని రోజులు సినగాగ్‌కు రాగలరు. ఇంతే రాయండి. స్వప్నాలు, దర్శనాలు, పోయిన పది గోత్రాల లెక్కలు రాసిన ఉత్తరాలకు సాధారణంగా జవాబు రాదు.

ప్రశ్న: ఎడిసన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఒక యూదు అబ్బాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ఎంత కాలం పడుతుంది? ఏ శాఖలో చేరాలి? (న్యూజెర్సీ పాఠకురాలు)

శాఖ గురించి ఆలోచించే ముందు అబ్బాయిని ఒక ప్రశ్న అడగండి: మీ నాన్నగారు కోహెన్ వంశమా? కోహెన్ అంటే పూజారి వంశీకుడు. ఆర్థడాక్స్ (నియమాలను కచ్చితంగా పాటించే సంప్రదాయ శాఖ) ధర్మం ప్రకారం కోహెన్ మతంలో చేరిన స్త్రీని పెళ్లాడకూడదు. కోహెన్, కాట్స్, కాగన్ లాంటి ఇంటిపేర్లుంటే అనుమానించాలి, అయితే ఇంటిపేరొక్కటే రుజువు కాదు. తాత సమాధి రాయి మీద దీవించే రెండు చేతుల బొమ్మ ఉందేమో చూడమనండి. రెండేళ్లు చదివి ఆఖర్న ఈ సంగతి తెలిసి కుప్పకూలిన జంటలుంటాయి. రిఫార్మ్ (ఉదార శాఖ) వాళ్లు ఈ నిషేధాన్ని పట్టించుకోరు.

ఇక శాఖ. రిఫార్మ్ చేరికను కన్సర్వేటివ్ (మధ్యేమార్గ శాఖ) రబ్బీలు కొన్నిసార్లు ఒప్పుకోరు. ఆ రెంటినీ ఆర్థడాక్స్ వాళ్లు ఒప్పుకోరు. ఇజ్రాయెల్ పౌరసత్వానికి విదేశంలో మూడు శాఖల్లో ఏది చేసినా పనికొస్తుంది. ఆ దేశంలోనే చేసిన రిఫార్మ్, కన్సర్వేటివ్ చేరికలకూ పౌరసత్వం ఇవ్వాలని 2021లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కానీ అక్కడ యూదుల పెళ్లిళ్లు ప్రధాన రబ్బీ కార్యాలయం చేతిలోనే ఉన్నాయి, ఆ గడప దగ్గర ఆర్థడాక్స్ పత్రమే చెల్లుతుంది. ఆ పత్రం కూడా వాళ్లు గుర్తించిన బేత్ దీన్ (రబ్బీల మత న్యాయస్థానం) ఇచ్చినదై ఉండాలి. పిల్లల సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ లెక్కలో తల్లిని బట్టే బిడ్డ యూదు. ప్రసవానికి ముందే మీ చేరిక పూర్తయితే బిడ్డకు వేరే ఏమీ అక్కర్లేదు. రిఫార్మ్ వాళ్లు 1983 నుంచి తండ్రి యూదుడైనా, బిడ్డను యూదు పద్ధతిలో పెంచితే చాలంటున్నారు.

కాలం విషయానికొస్తే, ఏ శాఖలోనైనా ఒక పండుగల చక్రం మొత్తం చూడమంటారు. అంటే ఏడాది కనీసం. ఆర్థడాక్స్‌లో రెండేళ్లు, ఆపైన కూడా మామూలే. పైగా సినగాగ్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లుండాలి, ఎందుకంటే షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా ఉండే విశ్రాంతి దినం) రోజు కారు నడపరు. మీకు పక్కనే ఉన్న హైలాండ్ పార్క్‌లో అద్దె ఇల్లు వెతకమని రబ్బీ చెబితే ఆశ్చర్యపోకండి. పెళ్లి కోసమే వచ్చారని అనిపిస్తే ఆర్థడాక్స్ రబ్బీ వెనక్కి పంపుతారు. పెళ్లి లేకపోయినా ఈ జీవితం మీకు కావాలా అన్నదే ఆయన ప్రశ్న. దానికి జవాబు మీ దగ్గరుండాలి.

ప్రశ్న: సున్తీ ముందే ఇక్కడి ఆసుపత్రిలో చేయించుకుని వెళ్తే పని తొందరగా అవుతుందా? (హైదరాబాద్)

దయచేసి అలా చేయకండి. సున్తీ అక్కడ ఆపరేషన్ కాదు, ఆజ్ఞ. ఆ ఉద్దేశంతో, ఆ పని తెలిసిన యూదుడి చేత జరగాలి. ఆసుపత్రిలో మామూలు సర్జరీగా చేయించుకున్నవారికి తర్వాత సూదితో ఒక్క రక్తపు బొట్టు తీసే ‘హటాఫత్ దామ్ బ్రిత్’ చేస్తారు. చిన్నప్పుడే వైద్య కారణాలతో అయిపోయినవారికీ ఇదే. కాబట్టి ముందు చేయించుకోవడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు, రబ్బీ చివరికి ఒప్పుకోకపోతే తిరిగిరానిది పోగొట్టుకున్నట్టే. బేత్ దీన్ సరేనన్నాకే చేయించుకోవాలి. పెద్దవాళ్లకు మత్తు ఇచ్చి చేస్తారు. గాయం పూర్తిగా మానాకే, అంటే కొన్ని వారాల తర్వాతే, మిక్వే అనే శుద్ధి కొలనులో మునక. మధుమేహం, రక్తం పలుచబడే మందులు ఉన్న సంగతి ముందే చెప్పండి.

ప్రశ్న: వంటింట్లో ఏం మార్చుకోవాలి? మేం అన్నం, పప్పు, చేపలు, వారానికోసారి బిర్యానీ తినేవాళ్లం. (డాలస్)

బిర్యానీ మానుకోవాలి, కనీసం పెరుగులో నానబెట్టిన బిర్యానీ. మాంసం, పాలు కలవకూడదు, కోడి కూడా మాంసం కిందే. మటన్ కూర తిన్నాక పెరుగన్నం అన్న అలవాటు పోవాలి: మధ్యలో ఎక్కువమంది ఆరు గంటలు ఆగుతారు, కొన్ని సమాజాల్లో మూడు. హలాల్ మాంసం కోషర్ (యూదు ఆహార నియమాలకు తగినది) కాదు. కోషర్ మాంసం అందని ఊళ్లో శాకాహారమే సులువు.

చేపకు రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. పులస, బొచ్చె, శీలావతి తినొచ్చు. వాలుగ, జెల్లలకు పొలుసులుండవు, వద్దు. రొయ్యలు, పీతలు అసలే వద్దు. కొనేటప్పుడు చర్మంతో ఉన్న చేపే కొనండి, ఒలిచేసిన ముక్కను చూసి అది ఏ చేపో చెప్పలేం. శాకాహారంలోనూ ఒక చిక్కుంది: పురుగు. తోటకూర, కొత్తిమీర, కాలీఫ్లవర్ ఉప్పునీళ్లలో నానబెట్టి, కడిగి, ఆకును వెలుతురుకు పట్టి రెండు వైపులా చూడాలి. బియ్యం, పప్పు ఏరడం మనవాళ్లకు చెప్పక్కర్లేదు.

పాత గిన్నెల్లో లోహానివి పనికొస్తాయి, మట్టివి పనికిరావు. మట్టిపాత్ర పీల్చుకున్న రుచి మరి వదలదని సూత్రం. వేడి నీళ్లతో వండిన గిన్నెను వేడి నీళ్లతోనే శుద్ధి చేయాలి: శుభ్రంగా తోమి, ఇరవైనాలుగు గంటలు వాడకుండా ఉంచి, సలసల మరిగే నీళ్లలో పూర్తిగా ముంచి తీయాలి. కుక్కర్‌కు గ్యాస్కెట్, విజిల్ విప్పి విడిగా ముంచాలి, చాలామంది మర్చిపోయేది అదే. నేరుగా నిప్పు మీద కాల్చే ఊచలకు నిప్పే మందు. తర్వాత మాంసానికి ఒక జత, పాలకు ఒక జత. లోహం, గాజు పాత్రలను మిక్వేలో ముంచడం మాత్రం మీరు చేరాక చేసే పని. ముందే చేసి లాభం లేదు.

తెలుగువాళ్లకు అన్నిటికంటే కష్టం పస్కా పండుగ. ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, బయట ఎనిమిది. గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాలతో పులిసేది ఏదీ ఇంట్లో ఉండకూడదు. మన డబ్బా ఇంగువలో గోధుమపిండి కలిపి ఉంటుంది, లేబుల్ చూడండి. ఆపైన అష్కెనాజీ (యూరప్ మూలాల యూదుల) ఆచారంలో బియ్యం, పప్పులు, ఆవాలు, నువ్వులు కూడా ఉండవు. సెఫార్దీల్లో (స్పెయిన్, మధ్యప్రాచ్య మూలాల యూదుల్లో) చాలామంది బియ్యాన్ని మూడుసార్లు ఏరి తింటారు. కన్సర్వేటివ్ శాఖ 2015లో బియ్యం, పప్పులకు అనుమతి ఇచ్చింది. కొత్తగా చేరేవాళ్లకు వారసత్వ ఆచారం ఉండదు కాబట్టి సమాజం ఏది పాటిస్తే అది. మీ చుట్టుపక్కల సెఫార్దీ సినగాగ్ ఉందేమో అడగడంలో తప్పు లేదు, అయితే సినగాగ్‌ను అన్నం కోసం ఎంచుకోకండి.

ప్రశ్న: ఇప్పటి నుంచే షబ్బాత్ పూర్తిగా పాటించాలా?

నేర్చుకోండి, పూర్తిగా మాత్రం పాటించకండి. షబ్బాత్ ఇశ్రాయేలుకు ఇచ్చిన గుర్తు, చేరనివాడు సంపూర్ణంగా పాటించకూడదని తాల్ముద్ మాట. అందుకని చదువుకునేవాళ్లు ఆ రోజు ఏదో ఒక నిషిద్ధ పని చేస్తారు, ఓ లైటు వేయడమో, ఒక మాట రాయడమో. మిగతాది అలవాటు చేసుకోండి: శుక్రవారం సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందు దీపాలు, శనివారం చుక్కలు పొడిచాక హవ్దాలా అనే ముగింపు ప్రార్థన. నిషేధించిన పనులు ముప్పైతొమ్మిది, అన్నిటినీ ఒక్కసారి తలకెత్తుకోకండి. మొదటి నెల ఫోన్, రెండో నెల వంట, ఆ తర్వాత ప్రయాణం. అన్నీ ఒక్కరోజే మొదలెట్టినవాళ్లు పండుగల నెల వచ్చేసరికి అలసిపోయి మానేస్తారు.

ప్రశ్న: మునక ఎలా ఉంటుంది? గోదావరిలో మునిగితే చాలదా? మెట్టెలు, గోరింటాకు అడ్డమా?

ముగ్గురు న్యాయపెద్దల బేత్ దీన్ ఎదుట ముందు ప్రశ్నలు ఉంటాయి. శుక్రవారం సాయంత్రం మీ ఇంట్లో ఏం జరుగుతుంది, అరటిపండుకు ఏ దీవెన చెబుతారు లాంటివి. (మామిడికి చెట్టు పండు దీవెన, అరటికి నేల పంట దీవెన. అరటి చెట్టు కాదు, మొక్క కింద లెక్క.) తర్వాత ఆజ్ఞలన్నీ స్వీకరిస్తానని చెప్పి, మిక్వేలో మునగాలి. మిక్వేలో నలభై సెయాల (సెయా ఒక ప్రాచీన కొలత) నీరుండాలి. నేటి లెక్కలో ఎక్కువమంది దాదాపు 750 లీటర్లు చూసుకుంటారు. అది వాన నీరో, ఊట నీరో కావాలి. సముద్రం చెల్లుతుంది. వాన నీటితో పారే నదుల విషయంలో రబ్బీల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ఏదైనా న్యాయపెద్దలు లేకుండా మునిగితే అది స్నానమే.

నీటికి, ఒంటికి మధ్య ఏదీ ఉండకూడదు. ముందు అరగంట స్నానం, తలంటు, జుట్టు చిక్కు తీయడం, గోళ్లు కత్తిరించడం, పళ్ల సందులు శుభ్రం చేయడం. తలనూనె పోయేదాకా షాంపూ. మెట్టెలు, ముక్కుపుడక, తాళి, కాంటాక్ట్ లెన్స్ అన్నీ తీయాలి. ఏళ్ల తరబడి బిగుసుకున్న మెట్టె అప్పటికప్పుడు రాదు, వారం ముందే సబ్బు రాసి తీయించుకోండి. గోరింటాకు రంగుకు సాధారణంగా అభ్యంతరం ఉండదు, అయినా ముందుగా అడగండి. నెయిల్ పాలిష్ పోవాలి. స్త్రీలకు లోపల స్త్రీయే తోడుంటుంది, రబ్బీలు చాలాచోట్ల తలుపు అవతల ఉండి వింటారు. వెంట్రుక సహా మొత్తం మునగాలి, కాళ్లు నేల వదలడానికి కాస్త ముడుచుకోండి.

ప్రశ్న: మాది హిందూ కుటుంబం. ఇంట్లో పూజలు, ప్రసాదం, కులం సర్టిఫికెట్, ఆస్తి... ఇవన్నీ ఏమవుతాయి? (విజయవాడ)

ప్రసాదం తినడం, హారతి అద్దుకోవడం, తలనీలాలు ఇవ్వడం కుదరవు. 2004లో జెరూసలేంలోని రబ్బీ ఎల్యాషివ్, తిరుమల తలనీలాలతో చేసిన విగ్గులు పెట్టుకోకూడదని తీర్పిస్తే బ్రూక్లిన్‌లో స్త్రీలు వాటిని వీధిలో తగలబెట్టారు. అంత పట్టింపు ఉన్న చోట దాచుకుని తినడం పనికిరాదు. అమ్మానాన్నలకు ముందే చెప్పండి. తల్లిదండ్రులను గౌరవించడం మీకు బాధ్యతగానే ఉంటుంది. పండుగకు ఇంటికి వెళ్లి కూర్చోవచ్చా, పూజ గది బయట ఉండి పలకరించవచ్చా అనే ప్రతి విషయం మీ రబ్బీతో విడివిడిగా మాట్లాడండి.

చట్టం సంగతి మాత్రం ఖచ్చితంగా తెలుసుకుని అడుగు వేయండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. యూదు మతంలో చేరితే ఎస్సీ హోదా ఉండదు. ఎస్టీ హోదాకు ఈ మత నియమం లేదు. ఆస్తిలో మీ వాటా పోదు గానీ, మీరు చేరాక పుట్టిన పిల్లలు వారసత్వం తెరుచుకునే నాటికి హిందువులు కాకపోతే, హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాలేరని 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. పెళ్లయినవారి జీవిత భాగస్వామికి మీ మతమార్పు విడాకులకు కారణంగా చూపే హక్కు వస్తుంది. చేరాక పెళ్లి చేసుకునేవారికి హిందూ వివాహ చట్టం వర్తించదు, 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు.

చేరిన రోజు బేత్ దీన్ ఇచ్చే పత్రంలో ముగ్గురి సంతకాలు, తేదీ, మీ హీబ్రూ పేరు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. పురుషులకు పేరు తర్వాత ‘బెన్ అవ్రాహామ్ అవీను’, స్త్రీలకు ‘బత్ అవ్రాహామ్’ అని గానీ, శారా పేరు కూడా చేర్చి గానీ రాస్తారు. స్కాన్ చేసి, అసలు పత్రం విడిగా దాచండి. రేపు పెళ్లికీ, పిల్లల యూదు బడికీ, చివరికి శ్మశానంలో చోటుకీ అడిగేది ఆ ఒక్క కాగితాన్నే.