ఫ్లోచార్ట్ టూల్‌తో మొదలెట్టాలా, నేరుగా సి లాంగ్వేజ్ లోకి దిగాలా?

గుంటూరులో డిగ్రీ ఫస్టియర్ వాళ్లకి ట్యూషన్ చెబుతున్నారు, సగం మంది ఇంటర్ దాకా తెలుగు మీడియం, సిస్టమ్ ముందు కూర్చోవడమే కొత్త. ఫ్లోగారిదమ్ లాంటి టూల్‌తో (ఫ్లోచార్ట్ గీసి దాన్నే రన్ చేసే సాఫ్ట్‌వేర్) మొదలెడితే టైం వేస్టా అని మీ ప్రశ్న.

వేస్ట్ కాదు. దానితోనే మొదలెట్టండి. వైల్ లూప్ (కండిషన్ నిజమైనంతసేపు మళ్లీ మళ్లీ తిరిగేది) చేతికొచ్చేదాకా ఉంచండి, ఆ తర్వాత మొహమాటం లేకుండా తీసేయండి. ఫస్ట్ రోజే సి పెడితే పిల్లలు సెమికోలన్‌తో, పర్సెంట్ డీ (%d, పూర్ణసంఖ్య అని చెప్పే గుర్తు) తో కుస్తీ పడతారు. లాజిక్ దాకా వచ్చేసరికి ఓపిక అయిపోతుంది.

కానీ మన దగ్గర ఫ్లోచార్ట్ అంటే రికార్డు బుక్కులో స్కేలు పెట్టి డైమండ్ గీయడం. వైవాలో "పారలెలోగ్రామ్ దేనికి వాడతారు?" అని అడగడం, "ఇన్‌పుట్ అవుట్‌పుట్‌కి సార్" అనగానే మార్కులేసేయడం. ఆ బొమ్మ నడుస్తుందో లేదో ఒక్కరూ చూడరు. డ్రా.ఐఓ అనే బొమ్మలు గీసే టూల్‌లో గీయించినా అంతే, బొమ్మ బాగుంటుంది గానీ రన్ అవ్వదు. మనకి కావలసింది రన్ అయ్యే టూల్. ఇంకా చెప్పాలంటే ఒక్కో షేపే నడిపే స్టెప్ బటన్, వేరియబుల్ విలువలు చూపించే వాచ్ విండో. ఈ రెండే అసలు సరుకు.

క్లాసులో ఎలా వాడాలో ఒక్క ప్రాబ్లమ్‌తో చెబుతా. గుంటూరు పిల్లలకి మిర్చి యార్డు లెక్క చెప్పక్కర్లేదు కాబట్టి అదే తీసుకోండి. ఒక్కో టిక్కీ (మిర్చి బస్తా) బరువు కిలోల్లో కొడుతూ పోవాలి, సున్నా కొడితే ఆగాలి. చివర్లో మొత్తం బరువు, ఎన్ని టిక్కీలు, క్వింటా రేటు మీద ఎంత డబ్బు వస్తుందో చూపించాలి.

బాణం గీత మీద క్లిక్ చేస్తే షేపుల మెనూ వస్తుంది. ముందు డిక్లేర్‌లు: వెయిట్, టోటల్, బ్యాగ్స్, రేట్ నాలుగూ ఇంటీజర్ (పూర్ణసంఖ్య), అమౌంట్ ఒక్కటీ రియల్ (దశాంశాలు పట్టేది). తర్వాత టోటల్‌కి, బ్యాగ్స్‌కి సున్నా అసైన్ చేయాలి. వెయిట్ ఒకసారి ఇన్‌పుట్. ఆ కింద వైల్, కండిషన్ వెయిట్ > 0. లూప్ లోపల టోటల్‌కి వెయిట్ కలపాలి, బ్యాగ్స్‌కి ఒకటి కలపాలి, మళ్లీ వెయిట్ ఇన్‌పుట్. లూప్ బయట రేట్ ఇన్‌పుట్, అమౌంట్ = టోటల్ / 100 * రేట్, అవుట్‌పుట్. మాటకీ వేరియబుల్‌కీ మధ్య యాంపర్‌శాండ్ (& గుర్తు) పెట్టాలని ముందే చెప్పేయండి, లేకపోతే అక్కడే పది నిమిషాలు పోతుంది.

మొత్తం మీరే బోర్డు మీద వేసేయకండి. వాళ్లని వేయనివ్వండి, తప్పులు వాటంతటవే వస్తాయి.

టోటల్‌కి సున్నా పెట్టడం మర్చిపోతే ఫ్లోగారిదమ్ ఆ షేపు దగ్గరే ఆగిపోయి, వేరియబుల్‌కి విలువ లేదని ఎర్రర్ ఇస్తుంది. సి లో అయితే కంపైల్ అయిపోతుంది, ఏదో చెత్త నంబర్ వస్తుంది, ఎందుకొచ్చిందో కుర్రాడికి అర్థం కాదు.

లూప్ లోపలి ఇన్‌పుట్ మర్చిపోవడం రెండో తప్పు. 44 కొట్టి స్టెప్ నొక్కుతూ పోతే వాచ్ విండోలో టోటల్ 44, 88, 132, 176 అని ఎక్కుతూనే ఉంటుంది, వెయిట్ మాత్రం 44 దగ్గరే కూర్చుంటుంది. ఇన్ఫినిట్ లూప్ గురించి అరగంట లెక్చర్ ఇచ్చినా ఇంత బాగా ఎక్కదు.

మూడోది తెలివైన వాళ్లు చేసే తప్పు. ఇన్‌పుట్ రెండుసార్లు ఎందుకని పైది తీసేసి, లూప్‌లోకి దూరడానికి వెయిట్‌కి ఊరికే 1 పెట్టి, లోపలి ఇన్‌పుట్‌ని లూప్ మొదటికి తెస్తారు. 44, 46, 43, చివర సున్నా కొడితే టోటల్ 133 సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే సున్నా కలిపినా నష్టం లేదు. బ్యాగ్స్ మాత్రం 4 చూపిస్తుంది. టిక్కీకి ఇంత అని హమాలీ కట్టేవాడు లేని నాలుగో టిక్కీకి కూడా కట్టాలన్నమాట. తప్పు ఎక్కడుందో మీరు చెప్పొద్దు, స్టెప్ నొక్కించండి.

అయితే స్టెప్ ఊరికే టకటకా నొక్కితే లాభం లేదు. కాగితం మీద నాలుగు గళ్లు గీయించండి: వెయిట్, కండిషన్ ట్రూనా ఫాల్సా, టోటల్, బ్యాగ్స్. ఒక సిస్టమ్ ముందు ఇద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు నొక్కబోయే ముందు, ఏ గడి మారుతుందో రెండోవాళ్లు రాయాలి. రాశాకే నొక్కాలి. ఈ ఒక్క రూల్ పాటిస్తే చాలు.

రాప్టర్ వాడమని కొందరు సలహా ఇస్తారు. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో తయారైన టూల్ అది, మంచిదే. కానీ దాని లూప్‌లో కండిషన్ ఎస్ అయితే బయటికి వస్తుంది, నో అయితే మళ్లీ తిరుగుతుంది. సి లో వైల్ దానికి సరిగ్గా తిరగేసి. రాప్టర్‌లో వెయిట్ = 0 అని అలవాటైనవాడు సి లోనూ అదే రాస్తాడు, లూప్‌లోకే వెళ్లడు. సి నేర్పబోయే వాళ్లకి ఆ తలనొప్పి ఎందుకు?

ఫ్లోగారిదమ్‌తోనూ చిక్కులున్నాయి. విండోస్ సిస్టమ్ కావాలి, ఫోన్ ఒక్కటే ఉన్న పిల్లలు ఇంట్లో ప్రాక్టీస్ చేయలేరు. బ్రేక్ షేపు లేదు. నా లెక్కలో అది మంచిదే, కండిషన్ సరిగ్గా రాయక తప్పదు. సోర్స్ కోడ్ విండోలో సి++, పైథాన్ కోడ్ అదే తయారు చేసి ఇస్తుంది కాబట్టి దాన్ని కాపీ కొట్టి రికార్డు నింపేస్తారు, మొదటి వారం ఆ విండో తెరవనివ్వకండి. ఇఫ్‌లో ఇఫ్, అందులో ఇంకో ఇఫ్ పెట్టేసరికి చార్ట్ స్క్రీన్ దాటి పక్కకి పాకుతుంది. అప్పుడిక సి లోకి మారే టైం వచ్చినట్టే.

మారిన రోజు కొత్త ప్రాబ్లమ్ ఇవ్వకండి, ఇదే మిర్చి లెక్క రాయించండి. రేటు 15,000 అనుకుందాం. ఫ్లోగారిదమ్‌లో భాగహారం ఎప్పుడూ దశాంశాలతోనే చేస్తుంది కాబట్టి 133 / 100 అంటే 1.33, డబ్బు 19,950. అదే ఫార్ములా సి లో ఇంట్‌లతో (సి లో ఇంటీజర్ పేరు) రాస్తే 133 / 100 అంటే 1, వచ్చేది 15,000. రైతుకి 4,950 ఎగిరిపోయింది.

చురుకైనవాడు వెంటనే ముందు గుణించి తర్వాత భాగిస్తాడు, టోటల్ * రేట్ / 100 అని. ఇంట్లో జీసీసీ అనే కొత్త తరం సి కంపైలర్‌లో 19,950 వస్తుంది, వాడు సంతోషంగా ల్యాబ్‌కి వస్తాడు. చాలా కాలేజీ ల్యాబుల్లో ఇంకా డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) పాతకాలం కంపైలర్ టర్బో సి నే పట్టుకుని వేలాడుతున్నారు కదా, అందులో ఇంట్ రెండు బైట్లే, 32,767 దాటి పట్టదు. 133 * 15,000 అంటే 19,95,000. అది పొంగిపోయి 28,920 మిగులుతుంది, వందతో భాగిస్తే 289. అంటే 133 కిలోల మిర్చికి 289 రూపాయలు! టూల్‌లో 19,950 కళ్లారా చూసినవాడు కాబట్టి ఆ 289 ని నమ్మడు, తప్పెక్కడో వెతుకుతాడు. అప్పుడు వెయిట్, టోటల్, రేట్ మూడింటినీ ఫ్లోట్ (సి లో దశాంశాలు పట్టే రకం) చేయించి, ఇన్‌పుట్ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో పర్సెంట్ డీ లు పర్సెంట్ ఎఫ్‌లుగా మార్చారో లేదో చూసి, రెండు కంపైలర్లలోనూ మళ్లీ రన్ చేయించండి.