అంకె ఒకవైపు, యాంటెన్నా ఒకవైపు

ఈసారి హామ్ రేడియో (సరదాకి లైసెన్సుతో సొంత రేడియో స్టేషన్ నడపడం) ఉత్తరాల్లో సగానికి పైగా రొటేటర్ల గురించే. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: డాబా మీద గొట్టానికి కట్టిన బీమ్ యాంటెన్నాని (ఒక దిక్కుకే బలంగా పంపే, వినే యాంటెన్నా) కావలసిన దిక్కుకి తిప్పే మోటారు రొటేటరు. గదిలో కూర్చుని దాన్ని తిప్పే పెట్టె కంట్రోలరు. పాతవాటిలో సూది మీటరుండేది, ఇప్పుడు అంకెలొచ్చాయి.

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 20 మీటర్ల తరంగదైర్ఘ్యపు బ్యాండుకి మూడు ఎలిమెంట్ల (అడ్డకడ్డీల) యాగీ బీమ్ ఉంది. పాత సూది మీటరు పెట్టె పాడైపోతే మా స్నేహితుడు ఆర్డునో బోర్డుతో (చిన్న కంప్యూటర్ లాంటి సర్క్యూట్) డిజిటల్ కంట్రోలర్ కట్టిచ్చాడు. లండన్‌కి 320 డిగ్రీలని (ఉత్తరం 0, అక్కణ్నుంచి తూర్పు మీదుగా లెక్క) చూసి అక్కడ పెడితే సిగ్నల్ నీరసంగా ఉంటోంది, 290 మీద పెడితే బావుంటోంది. పైగా పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) నొక్కగానే అంకెలు గెంతుతున్నాయి. టెన్షన్‌గా ఉందండీ, బోర్డు మార్చెయ్యమంటారా?

జవాబు: బోర్డు జోలికి అప్పుడే వెళ్లకండి. మీకున్నవి రెండు వేర్వేరు జబ్బులు.

ముందు ఆ పెట్టె ఏం చేస్తుందో చూద్దాం. అది యాంటెన్నాని చూడలేదు. రొటేటర్ లోపల మోటారుతో పాటు తిరిగే ఒక పొటెన్షియోమీటర్ (తిప్పితే నిరోధం మారే భాగం) ఉంటుంది, చాలా మోడళ్లలో 500 ఓముల్ది. దానికి 5 వోల్టులిచ్చి, మధ్య కాలు మీద ఎంత వోల్టేజి వస్తోందో కొలిచి, దాన్ని డిగ్రీల్లోకి మార్చి చూపిస్తుంది, అంతే. ఆర్డునో యూనోలో ఆ కొలత 1024 మెట్లలో ఉంటుంది కాబట్టి 360 డిగ్రీలకి మెట్టుకి 0.35 డిగ్రీ పడుతుంది. అందుకే తెర మీద 319.6 అని పాయింటు తర్వాత అంకె కూడా కనిపించి మనకి మురిపెంగా ఉంటుంది గానీ, మూడు ఎలిమెంట్ల యాగీ ముందువైపు దాదాపు 60 డిగ్రీల వెడల్పున వింటుంది. అయిదు డిగ్రీలు తప్పినా మీ చెవికి తెలియదు. 30 తప్పితే సగం పవర్ పోతుంది, అది మాత్రం బలహీనమైన స్టేషన్ దగ్గర తెలుస్తుంది.

ఇప్పుడు తప్పు అన్ని దిక్కుల్లోనూ ఒకేలా ఉందా అన్నది చూడండి. జపాన్ వైపు, అంటే మనకి దాదాపు 58 డిగ్రీలు, అక్కడా 30 తేడాయే ఉంటే ఎలక్ట్రానిక్స్‌ని అనుమానించక్కర్లేదు, గొట్టం క్లాంపులో (దాన్ని పట్టి ఉంచే బిగింపులో) జారింది. ఇది నా అనుభవం. ఒక ఈదురుగాలికి మా గొట్టం క్లాంపులో మెల్లగా తిరిగిపోయింది. తెర మీద 320 అని నిక్షేపంగా ఉంది, బూమ్ (యాగీ కడ్డీల్ని మోసే నడుమ గొట్టం) మాత్రం పక్కింటి కొబ్బరిచెట్టుని చూస్తోంది. నెల రోజులు యూరప్ వాళ్లని పిలిచి పిలిచి బ్యాండ్ బాలేదనుకున్నాను. చివరికి మా ఆవిడ బట్టలారెయ్యడానికి పైకెళ్లి, "ఏవండీ, మీ దడి అటు తిరిగిందేంటి?" అంది. ఎక్కి చూస్తే క్లాంపు బోల్టు ఉప్పుగాలికి తుప్పట్టి వదులైపోయింది. మనం సముద్రం పక్కన ఉంటున్నవాళ్లం, ఇక్కడ స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు దగ్గర డబ్బులు మిగుల్చుకోవద్దు.

తేడా ఒక చివర లేకుండా మరో చివరికి వెళ్లేకొద్దీ పెరుగుతోందంటే క్యాలిబ్రేషన్ తప్పింది. రొటేటర్ అదేపనిగా తిరగదు, ఒక చుట్టు కాగానే చివర ఆగిపోతుంది. ఎడమ చివరిదాకా తిప్పి అక్కడి వోల్టేజిని, కుడి చివరిదాకా తిప్పి అక్కడి వోల్టేజిని కంట్రోలర్‌కి మళ్లీ నేర్పాలి. ఒకే చోట దగ్గరికి రాగానే అంకె తూలితే పొటెన్షియోమీటర్ అరిగింది. తిరిగేటప్పుడు మాత్రమే తప్పు చూపించి ఆగగానే సర్దుకుంటే, మోటారు కరెంటూ పొటెన్షియోమీటరూ ఒకే తీగ మీదుగా వెనక్కి వస్తున్నాయన్నమాట, దానికి విడిగా గ్రౌండు తీగ లాగండి.

ఉత్తరం ఎక్కడో ముందు తేల్చుకోండి. ఇనప గొట్టం పక్కన దిక్సూచి అబద్ధం చెబుతుంది, ఫోన్‌లోదీ అంతే. గాలి లేని రోజున తాపీమేస్త్రి గుండుని దారానికి వేలాడదీసి, సరిగ్గా సూర్యుడు నడినెత్తి రేఖ దాటే వేళ దాని నీడ వెంట డాబా మీద సుద్దముక్కతో గీత గీయండి. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకి కాస్త తూర్పునే పోతుంది కాబట్టి కోనసీమలో గడియారం మధ్యాహ్నానికీ సూర్యుడి మధ్యాహ్నానికీ పెద్ద దూరం ఉండదు. నవంబరు మొదట్లో దాదాపు 11:46కి, ఫిబ్రవరి నడుమ 12:16కి వస్తుంది, మిగతా రోజులు ఆ మధ్యలో. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది, ఆ మొదలూ చివరా రోజుల్లో అసలు నీడే ఉండదు. ఆ గీత మీద నిలబడి పైకి చూస్తూ, కింద గదిలో ఒకరిని కూర్చోబెట్టి బూమ్‌ని గీతకి సరిపెట్టించండి. తెర మీద 0 రాకపోతే క్లాంపు వదులు చేసి సరిచేసుకోవడమే.

ఇక పీటీటీ నొక్కితే గెంతడం. మీ ట్రాన్స్‌మిటర్ పవర్ ఆ పొడవాటి కేబుల్ వెంట కిందికి దిగి బోర్డులో దూరుతోంది. పెట్టెలోకి వచ్చే ప్రతి తీగనీ 0.01 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్‌తో పెట్టె గ్రౌండుకి కలపండి, కేబుల్‌ని పెద్ద ఫెరైట్ రింగులో అయిదారు చుట్లు తిప్పండి. బోర్డుని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఉంటే అల్యూమినియం డబ్బాలోకి మార్చండి.

ప్రశ్న: రొటేటర్ ఆగిపోయే చివర ఏ దిక్కున పెట్టుకోవాలి? అందరూ ఉత్తరం అంటున్నారు. (అమలాపురం)

జవాబు: మనకి దక్షిణమే మేలు. ఇక్కణ్నుంచి న్యూయార్క్ దాదాపు 340, కాలిఫోర్నియా దాదాపు 20. చివర ఉత్తరాన పెడితే ఈ 40 డిగ్రీల దూరానికి 320 డిగ్రీలు వెనక్కి తిరిగి రావాలి, ఈలోపు అవతలి స్టేషన్ ఇంకొకరితో మాట కలిపేస్తుంది. దక్షిణాన శ్రీలంక వదిలేస్తే సముద్రం, ఆపైన అంటార్కిటికా. అటు మాట్లాడేవాళ్లు తక్కువ. 450 డిగ్రీలు తిరిగే మోడల్ అయితే ఈ గొడవ సగం తగ్గుతుంది, కానీ యాంటెన్నా నుంచి దిగే కోయాక్స్ కేబుల్‌కి గొట్టం దగ్గర అంత వదులు చుట్ట ఉంచాలి. లేకపోతే ఏదో ఒకరోజు మోటారు గెలుస్తుంది, కేబుల్ ఓడిపోతుంది.

ప్రశ్న: మా ఇల్లు భీమవరం పక్కన రొయ్యల చెరువుల మధ్య. రాత్రయితే ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే మోటార్ల) విద్యుత్ రొదతో రిసీవర్‌లో ఏమీ వినబడదు. రొటేటర్ పెడితే తగ్గుతుందా?

జవాబు: కొంత. బీమ్ ముందుకన్నా పక్కలకి చాలా చెవుడు. రొద వచ్చే చెరువుని ఆ పక్కకి పెట్టేలా తిప్పితే మీటరు మీద తేడా కనబడుతుంది. కానీ మీకు నాలుగు వైపులా చెరువులే కదా.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సిగ్నల్ వినడానికి అడ్డంగా, నిలువుగా రెండు విధాలా తిరిగే రొటేటర్ కొనమని ఇంట్లో అడగనా?

జవాబు: అప్పుడే వద్దమ్మా. ఒక పాస్ (అది మన ఆకాశం దాటడం) పది నిమిషాల్లోపే. చేత్తో పట్టుకునే చిన్న యాగీతో డాబా మీద నిలబడి 437.800 మెగాహెర్ట్జ్ విను, అందులోని రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని తిరిగి పంపే పరికరం) ఆన్‌లో ఉంటే బాగానే వినిపిస్తుంది. వస్తున్నప్పుడు 10 కిలోహెర్ట్జ్ పైన, వెళ్తున్నప్పుడు అంతే కింద వెతకాలి. మణికట్టే రొటేటర్. క్యూఓ-100 (హామ్‌లు వాడే ఉపగ్రహం) కి అయితే అదీ అక్కర్లేదు, అది కదలదు. దాదాపు పడమరన, నేల నుంచి 25 డిగ్రీల ఎత్తున డిష్ బిగించేస్తే చాలు, మీ పెరటి కొబ్బరిచెట్లు అడ్డు రాకపోతే.

ప్రశ్న: తుపాను హెచ్చరిక వస్తే బీమ్‌ని ఏ దిక్కుకి తిప్పి ఉంచాలి? (అంతర్వేది దగ్గర)

జవాబు: ఏ దిక్కుకీ కాదు, కిందికి. 1996 నవంబరు 6న కోనసీమని తుపాను కొట్టింది, కూలిన కొబ్బరితోటలు మన పెద్దవాళ్లు చూసినవే. తుపాను కన్ను మీదుగా దాటితే గాలి ఒక దిక్కున మొదలై, తెరిపిచ్చి, ఎదురు దిక్కున మళ్లీ కొడుతుంది, కాబట్టి మొదటి గాలికి తగినట్టు తిప్పి ఉంచితే రెండోసారి అడ్డం తిరుగుతుంది. హెచ్చరిక రాగానే పగటిపూట, ఇద్దరు మనుషుల సాయంతో బీమ్ దింపెయ్యండి. కంట్రోలర్ వెనక ప్లగ్గులన్నీ పీకి కేబుల్ చివర్లు కిటికీ బయటికి వదిలెయ్యండి. ఆ రాత్రి మాట్లాడాలంటే రెండు కొబ్బరిచెట్ల మధ్య కిందగా కట్టిన తీగ డైపోల్ (మామూలు తీగ యాంటెన్నా) చాలు, ఒక చెట్టు పడిపోయినా ఇంకోదానికి మళ్లీ కట్టుకోవచ్చు.