అరవై దాటాక కొత్తగా ఏదైనా మొదలుపెట్టవచ్చా?

నిక్షేపంగా పెట్టవచ్చు. చిలుకూరి శాంతమ్మ గారు 1929లో మచిలీపట్నంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ బోధించి 1989లో రిటైరయ్యారు. తొంభై దాటాక కూడా చేతికర్రల సాయంతో విశాఖ నుంచి విజయనగరం వెళ్లి క్లాసులు చెప్పారు! తలుచుకుంటేనే చేతులు జోడించాలనిపిస్తుంది.

అంత ఓపిక లేకపోతే, ఇంట్లో కూర్చుని చేసే పనుల్లో నాకు బాగా నచ్చింది తెలుగు వికీసోర్స్‌లో పుస్తకాలు దిద్దడం. పాత పుస్తకాలను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టే గ్రంథాలయం అది. పాత పుస్తకం స్కాన్ ఒక పక్క, కంప్యూటర్ గుర్తుపట్టిన అక్షరాలు ఇంకో పక్క కనిపిస్తాయి. యంత్రం ‘మ’ని ‘వు’ అనుకుంటుంది, అరసున్న చూస్తే తికమకపడుతుంది. బండి ‘ఱ’ ఉన్న పాఠాలు చదివిన పెద్దవాళ్లు ఆ తప్పును ఇట్టే పట్టేస్తారు. మీ వయసే అక్కడ మీకు అర్హత. రోజుకు రెండు పేజీలు దిద్దినా, ఎక్కడో ఓ పిల్లవాడు ఆ పుస్తకం ఫోన్‌లో చదువుకోగలుగుతాడు.

చదువు మధ్యలో ఆగిందన్న బాధ ఉంటే, 1982లో మొదలైన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ హైదరాబాద్‌లో ఉంది. డిగ్రీలో చేరడానికి పెద్ద వయసు అడ్డు కాదు. మనవరాలితో కలిసి పరీక్షకు చదవడం కన్నా సాహసం ఏముంటుంది?