పైప్‌లైన్‌కు భూమి ఇచ్చినవారికి ఉద్యోగం హక్కవుతుందా?

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర గ్రామం. మా నాన్నగారి 70 సెంట్ల కొబ్బరి తోట గుండా 2012లో ఒక చమురు సంస్థ పైప్‌లైన్ వేసి నష్టపరిహారం ఇచ్చింది. ఇంటికొక ఉద్యోగం ఇస్తామని అప్పట్లో నోటిమాటగా చెప్పారు. నేను ఐటీఐ ఫిట్టర్‌ని. 3 లక్షలిస్తే భూమి ఇచ్చినవారి కోటాలో పెట్టిస్తానని ఒక మధ్యవర్తి అంటున్నాడు. కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: సంస్థ మీ భూమిని తీసుకుందా, అందులో వినియోగ హక్కును మాత్రమే తీసుకుందా అన్నది ముందు తేలాలి. మీ వివరాలను బట్టి రెండోదే జరిగింది. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైప్‌లైన్ల చట్టం కింద పట్టా మీ నాన్నగారి పేరనే ఉంటుంది. గొట్టం పోయిన మేర ఇల్లు కట్టడం, బావి తవ్వడం, చెట్టు నాటడం మాత్రం కూడదు. కొబ్బరి మొక్క పెట్టుకోలేని నేల రైతుకు పోయినట్టే లెక్క గానీ, చట్టం అలా లెక్కించదు. తీసేసిన చెట్లకూ పంటకూ జరిగిన నష్టంతో పాటు భూమి మార్కెట్ విలువలో 10 శాతం చెల్లించాలని 10వ సెక్షన్ చెబుతుంది. ఉద్యోగం ప్రస్తావన ఆ చట్టంలో లేదు.

భూమిని పూర్తిగా సేకరించిన సందర్భాల్లోనూ, ఉద్యోగం ఇవ్వకపోవడం జీవించే హక్కుకు భంగం కాదని రూర్కెలా ఉక్కు కర్మాగారం నిర్వాసితుల కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం కొంత మేలు చేసిందిగానీ, అందులోనూ ఉద్యోగానికి ప్రత్యామ్నాయంగా 5 లక్షల రూపాయలో, 20 ఏళ్లపాటు నెలకు 2 వేలకు తగ్గని భృతో ఉన్నాయి; పైగా మీ వ్యవహారం దానికి ముందుది. అందువల్ల నోటిమాటను పట్టుకుని కోర్టుకు వెళితే నెగ్గడం కష్టం. అప్పటి గ్రామసభ తీర్మానంలోనో సంస్థ లేఖలోనో ఆ హామీ రాతపూర్వకంగా ఉందేమో, సంస్థ ప్రభుత్వ రంగానిదైతే, సమాచార హక్కు చట్టం కింద అడగండి.

మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ప్రభుత్వ రంగ సంస్థల్లో నియామకం బహిరంగ ప్రకటనతో, అందరికీ సమాన అవకాశంతో జరగాలి. తాత్కాలికంగానో కాంట్రాక్టు పద్ధతిలోనో చేరినా, ఎన్నేళ్లు పనిచేసినా, అంతమాత్రాన పర్మినెంటు చేయమని కోరే హక్కు రాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. అతని ఫోన్ సందేశాలను చెరపకుండా ఉంచి పోలీసులకు ఫిర్యాదు చేయండి.

మీకు నిజంగా ఉపయోగపడే హక్కు మరొకటుంది. మరమ్మతుల కోసం మళ్లీ తవ్వి పంట పాడుచేసిన ప్రతిసారీ విడిగా పరిహారం కోరవచ్చు. తోట కౌలుకిచ్చి ఉంటే కౌలుదారు కూడా తన నష్టం అడగవచ్చు. దెబ్బతిన్న చెట్ల ఫొటోలు, పంచనామా నకలు జతచేసి 1962 పైప్‌లైన్ల చట్టం కింద నియమితులైన అధికారికి దరఖాస్తు పెట్టండి. ఆయన నిర్ణయించిన మొత్తం చాలదనిపిస్తే జిల్లా జడ్జి ముందుకు వెళ్లవచ్చు.