ఉడ్‌ల్యాండ్స్ అవతల కొత్త ఇల్లు: వాయిదా కాదు, పన్ను లెక్క చూడండి

హ్యూస్టన్ వచ్చి ఎనిమిది నెలలైంది, ఊరికి ఉత్తరాన ఉడ్‌ల్యాండ్స్ దాటాక కాన్రో వైపు చెట్ల మధ్య కొత్త కాలనీలో ఇల్లు చూశాం, బిల్డర్ కాగితం మీద వేసిచ్చిన నెల వాయిదా మా అద్దె కంటే కాస్తే ఎక్కువ, కొనేయమంటారా అని అడిగారు. ఆ కాగితం నాకు బాగా తెలుసండీ. 2016లో నా చేతిలోనూ అలాంటిదే పెట్టారు.

అప్పట్లో నా తెలివి ఎలా ఉండేదంటే, అద్దె కట్టేవాళ్ళందరూ అమాయకులనీ నేనొక్కడినే గడుసువాడిననీ నమ్మకం. ఇల్లు 3,20,000 డాలర్లు. అప్పు వాయిదా, ఇన్సూరెన్సులు కలిపి నెలకి 1,700, ఎస్క్రోలో, అంటే పన్ను కట్టడానికి లోన్ కంపెనీ నెలనెలా మన దగ్గర తీసి దాచే ఖాతాలో, ఇంకో 125, మొత్తం 1,825. ఇంత పెద్ద ఇంటికి పన్ను 125 ఏమిటి అనే అనుమానం ఒక్క క్షణం కూడా రాలేదు. పైగా టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదుగా, ఇక్కడ పన్నులే తక్కువ అని మా తమ్ముడికి ఫోన్‌లో లెక్చర్ ఇచ్చాను.

2018 ఫిబ్రవరిలో, వీధి చివర అందరి పోస్ట్ బాక్సులూ ఒకేచోట ఉంటాయి చూడండి, అక్కడే నిలబడి లోన్ కంపెనీ ఉత్తరం విప్పాను. వచ్చే నెల నుంచి 3,175 కట్టాలట. పొరపాటున పక్కింటి ఉత్తరం వచ్చిందేమోనని కవరు తిప్పి పేరు చూసుకున్నాను. నాదే.

జరిగిందేమిటంటే, ఇక్కడ జనవరి 1న స్థలం మీద ఏముంటే దానికే ఆ ఏడాది పన్ను. 2016 జనవరి 1న మా ఇల్లు ఎక్కడుంది? నాలుగు జెండాలు పాతిన ఖాళీ జాగా, విలువ 50,000. మా కాలనీలో ఇంటి పన్నులన్నీ కలిపి ఏడాదికి విలువలో 3 శాతం, అంటే 1,500. నెలకి 125 ఎక్కడి నుంచి వచ్చిందో చూశారా. మరుసటి ఏడు ఇల్లు లెక్కలోకి వచ్చేసరికి పన్ను 9,600 అయింది. ఎస్క్రోలో అంత లేదు కాబట్టి లోన్ కంపెనీ వాళ్ళే కట్టేసి, తగ్గిన 8,100 మా నుంచి పన్నెండు నెలల్లో రాబట్టుకున్నారు. నెలకి 800 అసలు పన్ను, 675 పాత బాకీ. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, అడగాల్సింది నేను అడగలేదు, అంతే.

ఆ ఏడాది మా ఆవిడకి ఉద్యోగం లేదు. ఇండియా టికెట్లు మానుకున్నాం. నాన్నగారికి మాత్రం సెలవు దొరకలేదని చెప్పాను.

ఇక ఆ 3 శాతంలో మడ్ ట్యాక్స్ అని ఒకటి ఉంది. మడ్ అంటే బురద అనుకునేరు, నేనూ అలాగే అనుకున్నాను, వానలకి రోడ్లు శుభ్రం చేసేందుకేమో అని! మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్‌కి అది పొట్టిపేరు. సిటీ లైన్లు రాని అడవిలో కాలనీ వేస్తే నీళ్ళకీ, మురుగుకీ, వరద కాలవలకీ బాండ్లు అమ్మి డబ్బు తెస్తారు, దాన్ని మనం ఏళ్ళ తరబడి తీరుస్తాం. ఇళ్ళు పెరిగేకొద్దీ మామూలుగా రేటు తగ్గుతూ వస్తుంది. అందుకే 1974లో చమురు వ్యాపారి జార్జ్ మిచెల్ మొదలుపెట్టిన ఉడ్‌ల్యాండ్స్‌లో పాత భాగాలకి రేటు తక్కువ, కొత్తగా చెట్లు కొడుతున్న చోట ఎక్కువ. ఈ ఊళ్ళుండే మాంట్‌గొమరీ కౌంటీ జనాభా 2010లో 4,55,746 ఉంటే 2020కి 6,20,443 అయింది, ఆ పెరిగిన వాళ్ళందరికీ పైపులు వేయాలిగా మరి. మీరు చూసిన ఇంటికి మడ్ రేటు ఎంతో కాగితం మీద రాయించుకోండి, నోటి మాట వద్దు.

మనం ఉంటున్న సొంత ఇంటికి పన్ను వేసే విలువ తగ్గించే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ ఫారమ్ కూడా నేను ఏడాది ఆలస్యంగా పెట్టాను. అది బ్యాంకు వాళ్ళే పెడతారనుకున్నాను. పక్కింటి పెద్దాయన, రిటైరైన అమెరికన్, కంచె మీద చేతులు పెట్టుకుని మాటల్లో చెబితే తెలిసింది. అప్పట్లో స్కూల్ పన్నులో తగ్గే విలువ 25,000, ఇప్పుడది 1,40,000, కాబట్టి ఆలస్యం చేస్తే మీకు నాకంటే ఎక్కువ నష్టం. గడువులూ, విలువ ఎక్కువ వేశారనిపిస్తే ప్రొటెస్ట్ ఎలా చేయాలన్నదీ ఇళ్ళకి విలువ కట్టే ఆఫీసు, అదే అప్రైజల్ డిస్ట్రిక్ట్, వాళ్ళే రాసి పెట్టారు, చదువుకోండి.

చెట్ల అందం గురించి అడిగారు. నిజమే, పొద్దున్నే వెనక వరండాలో కాఫీ పట్టుకుని కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ చెట్టుకీ ఖర్చుంటుంది. 2023 ఎండాకాలంలో వానల్లేక మా కంచె పక్క పైన్ ఒకటి ఎర్రబడింది. కొట్టడానికి హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం, అనుమతి కావాలి, మనిషి 1,400 అడిగాడు, చూద్దాంలే అని వదిలేశాను. 2024 జూలైలో బెరిల్ తుఫాను వచ్చి దాన్ని కంచె మీద పడేసింది. నష్టం 3,800. ఇన్సూరెన్స్ ఉందిగా అని ధీమాగా ఫోన్ చేశాను. గాలి నష్టానికి డిడక్టిబుల్, అంటే ముందు మనం పెట్టుకోవాల్సిన భాగం, ఇంటి కవరేజ్‌లో 2 శాతమట, నాకది 7,000. అంటే పైసా రాలేదు. నాలుగు రోజులు కరెంటు లేదు, ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారబోశాం, ఆ నష్టమూ మాదే. వరదకి వేరే పాలసీ, తీసుకున్నాక సాధారణంగా 30 రోజులకి గానీ అమల్లోకి రాదు, తుఫాను పేరు టీవీలో విన్నాక పరుగెత్తితే లాభం లేదు.

స్కూళ్ళు, తెలుగువాళ్ళు, ఆఫీసుకి దూరం అన్నారు. స్కూళ్ళు బాగానే ఉన్నాయి, మనవాళ్ళూ ఉన్నారు, ఐ-45 హైవే మీద పొద్దున రద్దీ గంట పైనే తినేస్తుంది, రెండో కారు తప్పదు. దాని ఖర్చు కూడా కలపండి.

మీరు ఐటీ వాళ్ళు, ఎక్సెల్ షీట్లు నాకంటే బాగా వేస్తారు. బిల్డర్ కాగితంలో పన్ను గడి కొట్టేసి, ఇంటి మొత్తం ధరని ఆ కాలనీ రేటుతో గుణించి పన్నెండుతో భాగించండి. వచ్చిన అంకెని ఆ గడిలో రాసి, మిగతా ఖర్చులన్నీ కలిపిన మొత్తం మీ దంపతులిద్దరిలో ఒక్కరి జీతంతో నడిస్తే కొనండి. మేం ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాం. ఈ వీధిలో అప్పుడు కొన్న వాళ్ళలో ముగ్గురు అమ్ముకుని వెళ్ళిపోయారు, మేం నిలబడ్డాం. మోడు మాత్రం ఇంకా తీయించలేదు, దానికి వేరే 350 అట.